ఆసుపత్రి రికార్డుల పని నేర్చుకుందాం – 4: ఐసీడీ కోడ్ వేయడం

పోయిన భాగంలో డిశ్చార్జ్ అయిన కేస్ షీట్ కాగితాలు వరుసలో పెట్టి, సంతకాలు లేనివి వార్డుకి తిప్పి పంపడం దాకా వచ్చాం. ఇప్పుడు కోడింగ్, అంటే డాక్టర్ రాసిన జబ్బు పేరుకి ఐసీడీ (ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల వర్గీకరణ) పుస్తకంలో ఉన్న కోడ్ వేయడం. ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది గానీ, మీరు ముందు ఐసీడీ-10 మీద చెయ్యి తిప్పుకోండి, మన దగ్గర ఇంకా దాని వాడకమే ఎక్కువ.

పుస్తకం మూడు సంపుటాలు. మొదట తెరవాల్సింది మూడోది, అంటే ఇండెక్స్. డాక్టర్ "ఫ్రాక్చర్ నెక్ ఆఫ్ ఫీమర్" (తొడ ఎముక మెడ భాగం విరగడం) అని రాస్తే కొత్తవాళ్లు నేరుగా ఫీమర్ దగ్గరికి పోతారు, అక్కడేమో "కండిషన్ చూడు" అని మాత్రమే ఉంటుంది. అవయవం పేరు కాదు, దానికొచ్చిన జబ్బు పేరు పట్టుకోవాలి: ఫ్రాక్చర్, దాని కింద ఫీమర్, దాని కింద నెక్, ఎస్72.0. అక్కడితో ఆగిపోకుండా మొదటి సంపుటంలో అదే కోడ్ తీసి కింద రాసిన షరతులు చదవండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిందో లేదో చెప్పే అదనపు అంకె గురించి అక్కడే ఉంటుంది, షీట్‌లో ఏమీ రాయకపోతే క్లోజ్డ్ కిందే లెక్క.

అసలు తలనొప్పి పురుగుల మందు కేసులతో. షీట్ మీద "ఓపీ పాయిజనింగ్" అని ఉంటుంది (అవుట్ పేషెంట్ అనుకునేరు, ఆర్గానోఫాస్ఫరస్ అన్నమాట). మూడో సంపుటం చివర్లో మందులు, రసాయనాల పట్టిక ఉంది కదా, అందులో ఈ మందుకి టీ60.0. అది విషానికి మాత్రమే, ఎలా జరిగిందో చెప్పడానికి రెండో కోడ్ కావాలి. పత్తి చేలో పిచికారీ చేస్తూ పడిపోతే ఎక్స్48, కావాలని తాగితే ఎక్స్68, ఎవరూ తేల్చలేకపోతే వై18. పైగా ఇవి ఎమ్మెల్సీ కేసులు (మెడికో-లీగల్, అంటే పోలీసులతో, చట్టంతో ముడిపడినవి), ఇంటివాళ్లు క్యాజువాలిటీలో ఒకటి చెప్తారు, వార్డులో ఇంకోటి చెప్తారు, నర్సింగ్ నోట్స్‌లో మూడోది ఉంటుంది. షీట్ చదివి "ఇదే అయ్యుంటుంది" అని మీరు కోడ్ వేయొద్దు. అది మన పని కాదు, ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే. షీట్ పట్టుకెళ్లి డాక్టర్ గారిని అడిగి, ఆయన రాసి సంతకం పెట్టాకే వేయండి.

వచ్చే భాగంలోపు ఇది చేసి పెట్టుకోండి: పొలంలో కట్లపాము కరిచిన రైతు, యాంటీ వెనమ్ ఇచ్చారు, నాలుగో రోజు డిశ్చార్జ్. కోడ్లు రెండు రావాలి. రెండోదానికి ఇండెక్స్‌లో ప్రమాదాల విభాగం వేరే ఉంది, అందులో చూడండి.