బాల్జాక్ నవలలు చదవడం ఎలా? మొదటి ముప్పై పేజీలు దాటేయకండి

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి రచయిత బాల్జాక్ నవల మొదలుపెట్టి వదిలేసినవాళ్లు నాకు పదిమందికి పైగా తెలుసు. అందరూ ఒకే చోట ఆగిపోయారు: మొదటి ముప్పై పేజీల్లో. "వీధి వర్ణన, ఇంటి వర్ణన, గోడల వర్ణన. కథ ఎప్పుడు మొదలవుతుంది?" అని నన్నే అడుగుతారు. కథ అప్పటికే మొదలైపోయిందని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అందుకే ఇక్కడ వరసగా రాసిపెడుతున్నాను.

కావాల్సినవి

పుస్తకం, ఒక నోటుబుక్కు, పెన్సిలు. అంతే. ఎలెన్ మ్యారేజ్ చేసిన పాత ఇంగ్లీషు అనువాదాలు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. కొత్త అనువాదం కొనగలిగితే అదే తీసుకోండి, అడుగున వివరణలు ఉంటాయి. ఫోన్లో మాత్రం చదవకండి. బాల్జాక్‌ని చదివేటప్పుడు వెనక్కి తిరిగి పేజీలు తిప్పాల్సి వస్తుంది, ఫోన్లో ఎవరూ తిప్పరు.

ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి

'హ్యూమన్ కామెడీ' అనే పెద్ద పేరు కింద ఆయన సుమారు 90 నవలలు, కథలు కూర్చాడు. వాటిలో రెండు వేలకు పైగా పాత్రలున్నాయి. కొందరు పట్టుదలగా మొదటి సంపుటం నుంచి వరసగా చదువుతామంటారు. ఇంకొందరు అచ్చయిన సంవత్సరాల ప్రకారం వెళ్తామని 1829 నాటి 'ది షువాన్స్' పట్టుకుంటారు. అది ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో రాజు పక్షంవాళ్లు చేసిన తిరుగుబాటు కథ. ఆ చరిత్ర తెలియనివాళ్లకి నాలుగో రోజుకే విసుగొస్తుంది. ఈ రెండు దారుల్లోనూ చివరిదాకా వెళ్లినవాళ్లని నేను చూడలేదు.

మొదట 'ఓల్డ్ గోరియో', తర్వాత 'యూజెనీ గ్రాందే', ఆ తర్వాత 'లాస్ట్ ఇల్యూజన్స్'. ఇదే వరస, మార్చకండి. 'యూజెనీ గ్రాందే' 1833లోనే వచ్చింది కదా, చిన్నది కదా, దాంతో మొదలుపెడితే ఏం అంటారు. ఒక నవలలోని మనుషులు ఇంకో నవలలోకి నడిచిరావడం అనే పద్ధతిని బాల్జాక్ గట్టిగా పట్టుకున్నది 'ఓల్డ్ గోరియో'తోనే. రాతప్రతిలో అందులోని కుర్రవాడి పేరు మొదట మస్సియాక్. రాస్తూ రాస్తూ దాన్ని కొట్టేసి రాస్తిన్యాక్ అని పెట్టాడు. ఆ పేరుగల మనిషి అంతకుముందే 1831 నాటి నవల ఒకదానిలో పెద్దవాడిగా కనిపించాడు. ఒక్క పేరు మార్పుతో విడివిడి పుస్తకాలన్నీ ఒకే ఊరైపోయాయి. ఆ ఊళ్లోకి గుమ్మం అక్కడే ఉంది.

జీవిత చరిత్ర ముందు చదవకండి

మొదటి నవల అయ్యాకే చదవాలి. ముందే చదివితే కాఫీ కథలే బుర్రలో ఉంటాయి. అర్ధరాత్రి లేచి కాఫీ మీద కాఫీ తాగుతూ తెల్లారేదాకా రాసేవాడన్నది నిజమే, కానీ ఆ ముక్క తెలిసినందువల్ల పుస్తకం అర్థం కాదు. పనికొచ్చేవి రెండు మూడే. 1799లో టూర్ పట్టణంలో పుట్టాడు. కుర్రతనంలో పారిస్‌లో లాయరు దగ్గర, తర్వాత నోటరీ దగ్గర గుమాస్తాగా చేశాడు. వీలునామాలు, కట్నాల ఒప్పందాలు, ఆస్తి తగాదాలు అక్కడే చూశాడు. 1826లో ప్రెస్సు పెట్టి, అచ్చు అక్షరాలు పోతపోసే వ్యాపారంలోకి కూడా దిగి, 1828కల్లా మునిగిపోయాడు. సుమారు 60,000 ఫ్రాంకుల అప్పు మిగిలింది. అందులో ఎక్కువ భాగం కన్నతల్లికి బాకీ. ఆ తర్వాత ఎంత రాసినా అప్పులు ఆయన్ని వదల్లేదు. పారిస్ పక్కనున్న పాసీలో 1840 నుంచి 1847 వరకు వేరే పేరుతో అద్దెకున్న ఇంటికి కింద వెనక వీధిలోకి ఇంకో దారి ఉండేది, అప్పులవాళ్లు వస్తే జారుకోవడానికి. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

అసలు కష్టం ఇక్కడ: మొదటి ముప్పై పేజీలు

ఇక్కడ తొందరపడకండి. రోజుకి పది పేజీలు మించి వద్దు. మూడు రోజులు పట్టినా పట్టనివ్వండి.

'ఓల్డ్ గోరియో' పారిస్‌లో మేడమ్ వోకే నడిపే బోర్డింగ్ హౌస్‌తో మొదలవుతుంది. 1819వ సంవత్సరం. ముందు వీధి, తర్వాత తోట, హాలు, భోజనాల గది, అక్కడి ముక్కిపోయిన వాసన, ఆ తర్వాత ఏ అంతస్తులో ఎవరున్నారు, ఎవరెంత కడుతున్నారు. చాలామంది కళ్లు ఇక్కడే జారిపోతాయి. మీరు మాత్రం నోటుబుక్కు తెరిచి ఇంటి బొమ్మ గీయండి. అందంగా అక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి గీతలు గీస్తే చాలు. ఒక్కో అంతస్తులో మనిషి పేరు, పక్కన అతను కట్టే డబ్బు రాయండి.

గోరియో పేరు పక్కన మూడు అంకెలు పడతాయి. సేమియా వ్యాపారం మానేసి 1813లో ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆయన కట్టింది ఏడాదికి 1,200 ఫ్రాంకులు, మంచి గదులు. రెండేళ్లకి పై అంతస్తుకి మారి 900కి దించుకున్నాడు. మూడో ఏడాది చివర ఇంకా పైకెక్కి నెలకి 45 ఫ్రాంకుల గదిలో చేరాడు. ఆ ఇంట్లో పైకి వెళ్లేకొద్దీ మనిషి దిగజారుతున్నట్టు. ముక్కుపొడి డబ్బా, గొలుసు, వజ్రాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఎందుకో బాల్జాక్ ఇప్పుడు చెప్పడు. ఇంట్లోవాళ్లు మాత్రం చెడు తిరుగుళ్లని అనుకుంటారు. లక్షల ఫ్రాంకుల కట్నాలిచ్చి పెద్దింటికి పంపిన ఇద్దరు కూతుళ్ల కోసమని మనకి తర్వాత తెలుస్తుంది. కానీ ఆ మూడు అంకెలూ రాసుకున్నవాళ్లకి ఎవరూ చెప్పకముందే గుండెలో ఏదో గుచ్చుకుంటుంది.

ఇంకో వస్తువు తప్పకుండా రాసుకోండి. గోరియో వచ్చిన రోజున తన వెండి సామాను మేడమ్ వోకేకి చూపిస్తూ, బంగారు పూత పూసిన ఒక పళ్లేన్నీ మూతగల చిన్న గిన్నెనీ చేతిలో గట్టిగా పట్టుకుంటాడు. మూత మీద ముక్కులు కలుపుకుంటున్న రెండు గువ్వలు. పెళ్లిరోజుకి భార్య మొదటిసారి ఇచ్చిన కానుక అది. గోళ్లతో మట్టి గీరుకునైనా బతుకుతాను గానీ దీన్ని వదులుకోను అంటాడు. వర్ణన మధ్యలో నాలుగు వాక్యాలు, దాటేయడం చాలా తేలిక.

కొన్ని పేజీల తర్వాత, ఒక రాత్రి రాస్తిన్యాక్‌కి పక్క గదిలోంచి మూలుగు వినిపిస్తుంది. తాళంచెవి కన్నంలోంచి చూస్తాడు. ముసలాయన ఒక పళ్లేన్నీ గిన్నెనీ తాడుతో బిగించి, మెలిపెట్టి, మౌనంగా వెండి ముద్ద చేస్తున్నాడు. మొదటి పేజీలు దాటేసినవాళ్లకి అక్కడ కనిపించేది దొంగలాంటి ముసలివాడు, అంతే. రాస్తిన్యాక్‌కీ అదే అనుమానం వస్తుంది. జాగ్రత్తగా చదివినవాళ్లకి ఆ గువ్వలు కనిపిస్తాయి. ఈ ఒక్క చోటు కోసం నేను ఎంతమందితో వాదించానో! వర్ణన తీసేసి కథ మాత్రం చెప్పే సంక్షిప్త ప్రతులు వద్దని నేను మొండిగా అనేది కూడా ఇందుకే. వాటిలో గిన్నె ఉంటే ఉంటుంది, కానీ అది చేతిలో బరువుగా ఉండదు.

ఇంకో జాగ్రత్త. ఫ్రాంకుల్ని రూపాయల్లోకి మార్చే ప్రయత్నం చేయకండి. ఏ లెక్క వేసినా తప్పే వస్తుంది. పుస్తకంలోని డబ్బుని పుస్తకంలోని డబ్బుతోనే పోల్చండి. లా చదువుతున్న రాస్తిన్యాక్‌కి ఊళ్లో ఉన్న ఇంటివాళ్లు కడుపు కట్టుకుని ఏడాదికి పంపేది 1,200. గోరియో మొదట్లో కట్టిందీ 1,200. ఇలా పక్కపక్కన పెడితే చాలు. కట్నం, వడ్డీ, తాకట్టు, నోటు రాయించుకోవడం, ఇవేవీ మనకి కొత్త కాదు. నిజానికి ఈ విషయంలో మన ఇళ్లలో పెరిగినవాళ్లకి బాల్జాక్ సులువు.

చాలా ప్రతుల్లో ఈ నవలకి అధ్యాయాలు ఉండవు, బాల్జాక్ తర్వాతి ముద్రణలో తీసేశాడు. ఎక్కడ ఆపాలో తెలియక టెన్షన్ పడకండి. రాస్తిన్యాక్ ఒక పెద్దింటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఆపండి.

మిగతా రెండూ

'యూజెనీ గ్రాందే'కి ఒక వారం చాలు. సోమూర్ పట్టణం, కోట్లు దాచిన పిసినారి తండ్రి, కూతురు. నవంబరు 1 ముందు, మార్చి 31 తర్వాత ఎంత చలేసినా హాల్లో పొయ్యి వెలగని ఇల్లు. పంచదార ముక్కల లెక్క ఎవరి చేతిలో ఉందో చూస్తూ ఉండండి.

'లాస్ట్ ఇల్యూజన్స్'కి నెల పెట్టుకోండి. 1837 నుంచి 1843 వరకు మూడు భాగాలుగా వచ్చింది. రెండో భాగం చివర్లో కథానాయకుడు లూసియన్ తన బావ డేవిడ్ పేరుతో దొంగ సంతకాలు పెట్టి మూడు అప్పు నోట్లు రాస్తాడు. డేవిడ్‌ది ప్రెస్సు. కట్టని నోటు మీద ఖర్చులు ఎలా పెరుగుతాయో మూడో భాగంలో బాల్జాక్ పట్టీ వేసి మరీ చూపిస్తాడు. ఇక్కడ కూడా చాలామంది పేజీ తిప్పేస్తారు. సొంత ప్రెస్సు మునిగి అప్పులపాలైనవాడు రాసిన పట్టీ అది, వరస వరసా చదవండి.

నోటుబుక్కులో బియాంషాన్ పేరుకి ఒక పేజీ ఖాళీగా ఉంచండి. గోరియో మంచం పక్కన కూర్చున్న ఆ వైద్య విద్యార్థి పెద్ద డాక్టరై ఎన్నో నవలల్లో తలుపు తడతాడు. వచ్చినప్పుడల్లా పుస్తకం పేరు, రోగి పేరు రాసుకోండి.