సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ డిస్క్ స్పీడ్ కొలిచే ముందు

విజయనగరం మూడు లాంతర్ల వైపు పాత సిస్టమ్ చూడ్డానికి వెళ్తున్నారా? బేరం కుదిరే ముందు ఇవి చూసుకోండి.

• ఒకే ఫైల్‌ను రెండోసారి చదివించి వచ్చిన అంకెను నమ్మొద్దు. మొదటిసారికే అది ర్యామ్‌లోని క్యాష్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో చేరిపోతుంది, ఆ తర్వాత డిస్క్‌తో పనే ఉండదు. సాటా (డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే లింకు) హార్డ్ డిస్క్ సెకనుకు 2,000 ఎంబీ చూపించిందంటే అది ర్యామ్ స్పీడే. సాటా లింకు దాటించేదే 600 ఎంబీ!

• టెస్ట్ ఫైల్ ర్యామ్ కంటే పెద్దదై ఉండాలి. 8 జీబీ ర్యామ్‌కు 16 జీబీ ఫైల్ అయితే నయం.

• లినక్స్ అయితే ముందు సింక్ కమాండ్ కొట్టి, డ్రాప్ క్యాషెస్ అనే సిస్టమ్ ఫైల్‌లో 3 రాయండి, క్యాష్ ఖాళీ అవుతుంది. స్పీడ్ కొలిచే హెచ్‌డీపార్మ్ కమాండ్‌లో చిన్న టీ (-t) ఇస్తే వచ్చే అంకె డిస్క్‌ది, పెద్ద టీ (-T) ఇస్తే వచ్చేది క్యాష్‌ది. అమ్మే ఆయన ఏది చూపిస్తున్నాడో గమనించండి మరి.

• ఇదంతా తలనొప్పి అనుకుంటే రీస్టార్ట్ చేసి కొలవండి, క్యాష్ ఖాళీ అయిపోతుంది.

• కొలిచేటప్పుడు డౌన్‌లోడ్లు, అప్‌డేట్లు ఆపండి.