యాడ్ బ్లాకర్ ఎలా పెట్టుకోవాలి? అసలుది, అదీ ఒక్కటే

మొన్న మా బాబాయి ల్యాప్‌టాప్ తెరిస్తే బ్రౌజర్‌లో మూడు యాడ్ బ్లాకర్లు కనబడ్డాయి. అయినా పంచాంగం సైట్‌లో తిథి మీద అడ్డంగా లోన్ యాప్ ప్రకటన. ఇలాంటివి విప్పీ విప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

1. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసుకోండి. క్రోమ్‌లోని బుక్‌మార్కులు అదే తెచ్చుకుంటుంది, రెండు నిమిషాల పని.

క్రోమ్ ఎందుకు వద్దంటే, 2018 చివర్లో గూగుల్ మానిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్లకు (యాడ్ బ్లాకర్‌లా బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములకు) కొత్త నిబంధనలు ప్రకటించింది. అంతకుముందు పేజీ ఏ సర్వర్‌కు కబురు పెట్టినా బ్లాకరే చూసి, ఆపాలో వదలాలో అప్పటికప్పుడు తేల్చేది. ఇప్పుడు ముందే జాబితా రాసి బ్రౌజర్‌కు అప్పగించాలి. వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి ముఖం చూసి ఆపడం వేరు, పేర్ల చీటీ ఇంకొకరికిచ్చి ఇంటికెళ్లిపోవడం వేరు. 2025 నడిమికి క్రోమ్‌లో పాత పద్ధతి పూర్తిగా పోయింది. ఫైర్‌ఫాక్స్‌లో ఇంకా ఉంది. ఆ ఫైర్‌ఫాక్స్‌ను చేసే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుందనుకోండి, అది వేరే కథ.

2. బ్లాకర్ ఎక్కించండి. అందరూ బోల్తాపడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

కావలసింది యూబ్లాక్ ఆరిజిన్. పేరులో 'ఆరిజిన్' ఉండాలి. ఉత్త 'యూబ్లాక్' అనేది వేరే వాళ్లది. తయారుచేసినవారి పేరు దగ్గర రేమండ్ హిల్ అని ఉందో లేదో చూడండి. ఆయన విరాళాలు కూడా తీసుకోడు. ఎవరైనా ఆ పేరు చెప్పి డబ్బడిగితే అక్కడి నుంచి వచ్చేయండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కి మాత్రం దిగవద్దు (యాడ్ బ్లాకర్ కోసం యాడ్ నొక్కినవాళ్లను నేను చూశాను). నేరుగా ఎక్స్‌టెన్షన్లు దొరికే ఫైర్‌ఫాక్స్ యాడాన్స్ పేజీకే వెళ్లండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఇలాంటి బ్లాకర్ మీరు తెరిచే ప్రతి పేజీనీ చదవగలదు, మార్చగలదు. బ్యాంకు పేజీ కూడా అందులో ఒకటి. ఇంటి తాళంచెవి ఇస్తున్నట్టే లెక్క. 2018లో క్రోమ్ స్టోర్‌లో ఐదు నకిలీ బ్లాకర్లు బయటపడ్డాయి, అప్పటికే వాటిని 2 కోట్ల మందికి పైగా ఎక్కించుకున్నారు. 2020లో నానో యాడ్‌బ్లాకర్‌ది ఇంకో తీరు. అసలుదే, మంచిదే. చేసినతను అమ్మేశాడు, కొన్నవాళ్లు అప్‌డేట్‌లో జనం సమాచారం లాగే కోడ్ పెట్టారు. అందుకే చేతులు మారిందని తెలిసిన రోజే తీసేయండి.

ఇక రెండోది వద్దు. ఒకటి ఆపినదాన్ని ఇంకొకటి కెలికి, 'మీరు బ్లాకర్ వాడుతున్నారు' అని సైట్ పట్టుకునేలా చేస్తుంది. పాతవన్నీ తీసేశాకే ఇది ఎక్కించండి. ఆఫ్ చేసి ఉంచడం కాదు, తీసేయాలి.

ఆఫీసు వాళ్లు క్రోమే వాడమంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోండి. అదీ ఆయనదే. మామూలు సైట్లకు సరిపోతుంది, మొండి సైట్ల దగ్గర తేలిపోతుంది.

3. సెట్టింగులు ముట్టుకోకండి. కనబడిన ఫిల్టర్ జాబితాలన్నిటికీ (ఏవేవి ఆపాలో బ్లాకర్‌కు చెప్పేవి) టిక్కు పెట్టి, తర్వాత టికెట్ బుక్ కావట్లేదని నాకు ఫోన్ చేస్తారు.

4. ఏదైనా పేజీ సరిగా రాకపోతే బ్లాకర్ బొమ్మ నొక్కండి, పెద్ద పవర్ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి పేజీ మళ్లీ తెరిస్తే ఆ ఒక్క సైట్‌కే ఆగుతుంది. మీరు రోజూ చదివే చిన్న పత్రిక ప్రకటనల మీదే నడుస్తుంటే దానికీ ఇలాగే ఆపండి. నేను రెండింటికి ఆపాను.

5. ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లు ఎక్కవు. అక్కడా ఫైర్‌ఫాక్స్ వేసి ఇదే బ్లాకర్ పెట్టండి. ప్రైవేట్ డీఎన్ఎస్ (సైట్ పేరు ఇస్తే దాని చిరునామా వెతికిపెట్టే ఫోన్ సెట్టింగు) మార్చితే చాలని చెప్పేవాళ్లున్నారు. అది సర్వర్ పేరును బట్టే ఆపుతుంది, యూట్యూబ్ వీడియోలూ ప్రకటనలూ ఒకే చోటి నుంచి వస్తాయి కాబట్టి అక్కడ దాని ఆటలు సాగవు.