ఒక్కరోజులో హైదరాబాద్ చూసి, రాత్రికి వరంగల్ చేరడం ఎలా?

హైదరాబాద్ చూడటం కష్టమైన పని కాదు, తిరిగి రావడమే కష్టం. వరంగల్, హనుమకొండ కాలేజీల పిల్లలు ఏటా గుంపులుగా వెళ్తుంటారు. చార్మినార్ దగ్గర తీసుకున్న ఫొటోల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు. వాళ్లనే రాత్రి తొమ్మిదింటికి సికింద్రాబాద్ స్టేషన్‌లో చూస్తే బాధేస్తుంది. చేతిలో చెల్లని టికెట్, ఆరిపోబోతున్న ఫోను, పై వంతెన మీద ఒకడు అటు, ఒకడు ఇటు పరుగు. ముందురోజు ఓ అరగంట కూర్చుని ఆలోచిస్తే ఈ అవస్థ ఉండదు. తిరుగు రైలు ఖాయమయ్యాకే ఏం చూడాలన్న మాట ఎత్తండి.

1. వెంట ఉండాల్సినవి

చిన్న బ్యాగు, నీళ్ల సీసా, పవర్ బ్యాంకు, అసలు గుర్తింపు కార్డు, కొంత చిల్లర. కాళ్లకు అలవాటైన పాత చెప్పులే వేసుకోండి. శుక్రవారం వెళ్లకండి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ ఆ రోజే సెలవు.

2. చూడాల్సినవి మూడే

గోల్కొండ, సాలార్‌జంగ్, చార్మినార్. ఇదే వరుసలో. ఎండ ముదరకముందే కోట ఎక్కాలి కాబట్టి గోల్కొండతో మొదలుపెట్టాలి. ఇద్దరిని కోట కొనన ఉన్న బాలాహిస్సార్‌కు పంపి, మిగతావాళ్లు దిగువన ప్రవేశ ద్వారం కమాను కింద చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు పైకి ఎలా చేరుతుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. అందరూ కలిసి ఎక్కేస్తే ఆ ముచ్చట తీరదు. అక్కడి నుంచి సిటీ బస్సులో పాతబస్తీకి రండి. మ్యూజియంలో సంగీత గడియారం ముందుకు గంట కొట్టడానికి పది నిమిషాల ముందే చేరి, నిలబడటానికి చోటు చూసుకోండి. గడ్డం బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లడం క్షణాల్లో అయిపోతుంది. బెంజోనీ చెక్కిన ముసుగు రెబెక్కా బొమ్మను మాత్రం తీరిగ్గా చూడండి. ముసుగూ పాలరాయే, దాని వెనక కనిపించే ముఖమూ పాలరాయే. 1591లో కట్టిన చార్మినార్‌ను చివరికి ఉంచుకోండి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు అక్కడే.

హుస్సేన్‌సాగర్ బుద్ధుడు మరోసారికి. రామోజీ ఫిల్మ్ సిటీని ఇదే రోజులో కలపాలని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకండి. దానికే ఒక రోజు కావాలి.

3. తిరుగు రైలు

అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి నింపాదిగా చదవండి.

మొదట చూసుకోవాల్సింది రైలు ఏ స్టేషన్‌లో బయలుదేరుతుందన్నది. హైదరాబాద్ అంటే ఒక్క స్టేషన్ కాదు. నాంపల్లి, సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి ఎప్పటి నుంచో ఉన్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచారు. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం మొదలయ్యాక కొన్ని రైళ్లను అటు మార్చారు కూడా. చర్లపల్లికి మెట్రో లేదు. అన్నయ్య రెండేళ్ల క్రితం ఎక్కిన రైలే కదా అని సికింద్రాబాద్‌లో నిలబడితే, మీ రైలు చర్లపల్లి నుంచి వెళ్లిపోయి ఉండవచ్చు. టికెట్ మీద స్టేషన్ పేరు పక్కన కోడ్ ఉంటుంది. ఎస్‌సీ అంటే సికింద్రాబాద్, హెచ్‌వైబీ అంటే నాంపల్లి, కేసీజీ అంటే కాచిగూడ, సీహెచ్‌జడ్ అంటే చర్లపల్లి. గుంపులో ఒకరు దాన్ని పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి.

రెండోది, రైలు వరంగల్‌కు వెళ్తుందా, కాజీపేటతో సరిపెడుతుందా అన్నది. ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు కాజీపేట దాకా వచ్చి బల్లార్షా దారి పడతాయి, వరంగల్ స్టేషన్ ముఖం చూడవు. కాజీపేట దాటి విజయవాడ వైపు వెళ్లేవే వరంగల్ మీదుగా పోతాయి. ఇది తెలియక నిద్రపోయినవాళ్లు పెద్దపల్లిలోనో రామగుండంలోనో కళ్లు తెరుస్తారు.

మూడోది టికెట్. నన్నడిగితే సెకండ్ సిట్టింగ్‌లో, అంటే కూర్చుని వెళ్లే మామూలు తరగతిలో, సీటు రిజర్వు చేసుకోవడం తప్ప మరో మాట లేదు. 60 రోజుల ముందు నుంచే బుకింగ్ ఉంటుంది, జనరల్ టికెట్‌తో పోలిస్తే తేడా కొద్దిపాటిదే. ఆన్‌లైన్‌లో తీసుకున్న టికెట్ చార్ట్ (సీట్లు ఖరారైనవాళ్ల జాబితా) తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే అది దానంతటదే రద్దయిపోతుంది, డబ్బు ఖాతాకు తిరిగి వస్తుంది. అది చేతిలో ఉన్నా టికెట్ లేనట్టే లెక్క. పట్టుబడితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా కట్టాలి. ఆర్ఏసీ, అంటే పూర్తి బెర్తు కాకున్నా కూర్చునే చోటు, వచ్చిందంటే మాత్రం నిశ్చింతగా ఎక్కవచ్చు. సీటు దొరకని వాళ్లు చార్ట్ తయారయ్యాక కరెంట్ బుకింగ్‌లో ఒకసారి వెతకాలి. మిగిలిపోయిన సీట్లు అక్కడ కనిపిస్తాయి. ఈ పని ఎవరూ చేయరు, ఎందుకో నాకు అర్థం కాదు.

జనరల్ టికెట్ తప్పనప్పుడు దాన్ని ఉదయమే కొనకండి. 200 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి టికెట్ తీసుకున్నాక మూడు గంటల్లోపు బయలుదేరాలి, లేదంటే ఆ తర్వాత వచ్చే మొదటి రైలు ఎక్కాలి. సికింద్రాబాద్ నుంచి వరంగల్ 142 కిలోమీటర్లు కాబట్టి ఈ నిబంధన మీకు వర్తిస్తుంది. రైలు నంబరు 12, 20, 22 అంకెలతో మొదలైతే అది సూపర్‌ఫాస్ట్. దానికి అదనపు చార్జీ కలిపిన టికెట్టే చెల్లుతుంది. ఫోనులో తీసుకున్న టికెట్‌ను యాప్‌లోనే చూపించాలి, స్క్రీన్‌షాట్ పనికిరాదు.

నాలుగోది స్టేషన్ చేరడం. సాయంత్రం చార్మినార్ దగ్గర ఆటో ఎక్కకండి. అఫ్జల్‌గంజ్, కోఠి దాటేసరికే పొద్దుపోతుంది. మదీనా, నయాపూల్ మీదుగా ఎంజీబీఎస్‌కు (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నడవండి, అరగంట పడుతుంది. అక్కడ గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే పావుగంటలో సికింద్రాబాద్ వెస్ట్. అక్కడి నుంచి స్టేషన్ నడక దూరమే. నాంపల్లిలో రైలు ఎక్కాలంటే ఎంజీబీఎస్ నుంచే రెడ్ లైన్‌లో మూడో స్టేషన్‌లో దిగాలి. రైలు వేళకు గంట ముందు ప్లాట్‌ఫాం మీద ఉండి తీరాలి. అరగంట చాలనేవాళ్లు పండగ ముందురోజు సికింద్రాబాద్ వంతెన ఎక్కి చూడాలి.

జనరల్ బోగీలు ఇంజిను వెనక, రైలు చివర ఉంటాయి. మధ్యలో నిలబడి, రైలు వచ్చాక పరుగెత్తకండి. ముందుగానే ఒక కొసకు వెళ్లి నిలబడండి. ఐదారుగురు ఉంటే అందరూ ఒకే తలుపు దగ్గర ఎక్కాలి. ఎక్కాక బ్యాగు ముందుకు తిప్పుకుని తలుపు దగ్గర నుంచి లోపలికి జరగండి. కదిలే రైలు ఎవరూ ఎక్కవద్దు. ఒకరు కింద ఉండిపోతే ఫోను చేసి తర్వాతి రైలుకు రమ్మనండి. అంతేగాని చెయ్యి పట్టి లాగకండి.

4. రైలు ఆలస్యమైతే

దూరం నుంచి వచ్చి సికింద్రాబాద్ మీదుగా పోయే రైలు కన్నా, నగరంలోనే బయలుదేరే రైలును ఎంచుకోవాలని నేను పట్టుబట్టేది ఈ ఆలస్యాల వల్లే. మొదటి రకం ఇరవై నిమిషాల ఆలస్యమని చూపించి, ఆ ఇరవైని గంట చేసి, గంటను రెండు చేస్తుంది. 139కి ఫోను చేస్తే రైలు ఎక్కడుందో చెబుతారు. చివరి క్షణంలో ప్లాట్‌ఫాం మారుస్తుంటారు కాబట్టి ప్రకటన వినపడని చోట కూర్చోకండి. రిజర్వేషన్ ఉన్న రైలు మూడు గంటలకు పైగా ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే డబ్బు మొత్తం తిరిగి వస్తుంది. కాకపోతే రైలు కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) దాఖలు చేయాలి. ఇంటికి వెళ్లాక తీరిగ్గా చేద్దామంటే కుదరదు.

బస్సే సుఖమనేవాళ్లున్నారు. సాయంత్రం ఉప్పల్ రద్దీలో ఇరుక్కుని చూశాక ఆ మాట అనరు. రాత్రి రద్దీ తగ్గాక మాత్రం బస్సు మంచి ఆసరా. రైలు మీద ఆశ వదులుకున్నారా, సికింద్రాబాద్ ఈస్ట్‌లో బ్లూ లైన్ మెట్రో ఎక్కి ఉప్పల్‌లో దిగండి. హనుమకొండ బస్సులు అక్కడ దొరుకుతాయి. తెలంగాణ గుర్తింపు కార్డున్న అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం. ఈ నిర్ణయం తొమ్మిదింటికే తీసుకోండి, పదకొండు దాకా నానబెట్టకండి.

రైలు దొరికినవాళ్లు జనగామ దాటగానే నిద్ర లేచి చెప్పులు, బ్యాగులు చూసుకోండి. నిట్ విద్యార్థులకూ, హనుమకొండలో ఉండేవాళ్లకూ కాజీపేటే దగ్గర. వరంగల్ దాకా పోయి వెనక్కి రావద్దు. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకునేటప్పుడు అందరికీ కలిపి ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి.