షికారుకెళ్లి పిచ్చిమొక్కల్ని వెంట మోసుకురాకుండా ఉండటం ఎలా?

మా పెరట్లో బైక్ కడిగే గచ్చు పక్కన రెండేళ్ల కిందట వయ్యారిభామ మొలిచింది. పెరడంతా వెతికినా ఇంకెక్కడా లేదు. బండి కడిగిన నీళ్లు పారే ఆ మూరెడు నేలలోనే గుంపుగా వచ్చింది. ఆదివారాలు పిట్టల్ని చూడటానికి నేను తిరిగే చెరువుగట్ల మీద అది నడుమెత్తు పెరిగి ఉంటుంది. ఆ విత్తనాలను టైర్ల బురదలో ఇంటికి తెచ్చింది నేనే. అదే బండి మీద కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం మడ అడవులకూ వెళ్లాను. అక్కడ ఏం రాల్చి వచ్చానో అన్న బాధ చాలా రోజులు వదల్లేదు.

గేలం వేసేవాళ్లు, కాలువగట్ల మీద సైకిల్ తొక్కేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, కార్తీకంలో వనభోజనాలకు వెళ్లే కుటుంబాలు అందరికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక పాత బట్టల బ్రష్, రెండు లీటర్ల నీళ్లు, మూతి కట్టడానికి వీలున్న సంచి బండిలో పెట్టుకుంటే చాలు.

ముందు మొక్కల్ని గుర్తుపట్టండి

మన గోదావరి డెల్టాలో ముఖ్యంగా నాలుగు తెలిసి ఉండాలి: వయ్యారిభామ, గుర్రపు డెక్క, లొట్టపీసు, సర్కారు తుమ్మ. నాలుగూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. అక్కడ వాటిని తిని అదుపులో పెట్టే పురుగులు వాటితో పాటు ఇక్కడికి రాలేదు. అందుకే ఇక్కడ వాటికి అడ్డు లేకుండా పోయింది.

వయ్యారిభామను 1955లో పూణేలో గుర్తించారు. తెల్లటి చిన్న పూలు, క్యారెట్ ఆకులా చీలికలున్న ఆకు. ఒక్క మొక్కే పది వేలకు పైగా విత్తనాలు రాల్చగలదు. తగిలితే కొందరికి చర్మం దురదలు పెట్టి పొక్కుతుంది, దాని పుప్పొడితో ఆయాసం వస్తుంది. గుర్రపు డెక్కకైతే విత్తనం కూడా అక్కర్లేదు. తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కలు వేసుకుంటూ, మన వేడిలో రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు. లొట్టపీసు కొమ్మ విరిగి తడి నేలలో పడితే అక్కడే వేరు పోసుకుంటుంది. సర్కారు తుమ్మ ఉప్పునేలను కూడా తట్టుకుంటుంది కాబట్టి మడ అడవుల అంచుల్లో దాన్ని చూస్తే భయమేస్తుంది.

వెళ్లే ముందు, వెళ్లాక

ఇంటి నుంచి శుభ్రమైన షూతో, శుభ్రమైన టైర్లతో బయల్దేరండి. పోయిన వారం బురద ఈ వారం కోరింగకు చేరకూడదు. అక్కడ చెక్క వంతెన దిగి మడలోకి నడవకండి. గట్ల మీద కూడా నలిగిన దారిలోనే నడవండి, సైకిల్‌ను పొదల్లోంచి పోనివ్వకండి. చాప పరిచేముందు కింద ఏ గడ్డి ఉందో చూడండి. కార్తీక మాసం నాటికి వానలు తగ్గుముఖం పట్టి మొక్కలన్నీ విత్తనం మీద ఉంటాయి. వనభోజనాల్లో మనం పరిచే పట్టాల అడుగు భాగానికి అవన్నీ అంటుకుంటాయి.

బండి స్టార్ట్ చేసే ముందు ఐదు నిమిషాలు

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. చాలామంది ఇంటికొచ్చాక కడుగుతారు, నేనూ అలాగే చేశాను. అప్పటికి విత్తనం దారంతా రాలి, మిగిలింది పెరట్లోకి వచ్చేస్తుంది. ఎక్కడ అంటిందో అక్కడే దులిపి రావాలి. అక్కడ ఆ మొక్క ఎలాగూ ఉంది, కొత్తగా పోయేదేమీ లేదు.

షూ అడుగున గాడుల్లో ఇరుక్కున్న బురదను పుల్లతో తీసి, ఆ తర్వాత బ్రష్ కొట్టండి. లేసులు, సాక్సుల అంచులు, ప్యాంటు మడతలు, బ్యాగు అడుగు, కెమెరా స్టాండు కాళ్లు ఒక్కొక్కటీ చూడండి. ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకుంటే ఎలా ఉంటుందో పల్లెలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఉత్తరేణి మన మొక్కే, వినాయక చవితి పత్రిలో ఉండేదే, దానితో ఇబ్బంది లేదు. మరుల మాతంగి అనే పిచ్చిమొక్క కాయలు కూడా అలాగే కొక్కేలతో పట్టుకుంటాయి, వాటిని మాత్రం ఒక్కటి కూడా వదలకుండా ఏరెయ్యండి. ఇవి కంటికి కనబడతాయి కాబట్టి నయం. వయ్యారిభామ గింజ మట్టి రేణువులా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోలేం, బురదనే పూర్తిగా తీసెయ్యాలి. బైక్ మడ్‌గార్డు లోపలి వైపు వేలు పెట్టి చూడండి, మట్టి ఎక్కువగా దాగేది అక్కడే.

పట్టా, చాప, దుప్పటి అక్కడే దులపండి. పిల్లల జేబులు కూడా చూడండి, రంగురంగుల కాయలు ఏరుకుంటారు.

నీళ్లలోకి దిగినవాళ్లకు

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదలైన నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి, పిల్లకాలువల్లోకి, పంటబోదెల్లోకి పోతుంది. పైన పడిన ఒక్క గుర్రపు డెక్క పిల్ల కిందనున్న ఏ రైతు బోదెనో మూసేస్తుంది. అందుకని వల, గేలం, కయాక్, తెడ్డు దేన్నయినా గట్టు మీదికి తెచ్చి చూసి, తగులుకున్న ఆకును, వేరును ఏరి గట్టు మీద ఎండలో పడెయ్యండి. బకెట్‌లో, పడవ అడుగున మిగిలిన నీళ్లను ఆ ఒడ్డునే ఒంపెయ్యండి. కడిగిన నీళ్లు వేరే కాలువలోకి పోకూడదు. సామాను పూర్తిగా ఆరాక ఇంకో రెండు రోజులు ఎండబెట్టి, అప్పుడే వేరే చెరువుకి తీసుకెళ్లండి. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ, పైకి ఆరినట్టు కనిపించినా వల ముడుల్లో తడి ఉంటుంది.

ఊదారంగు పువ్వు బాగుందని గుర్రపు డెక్కను ఇంటి తొట్టిలో వెయ్యడానికి తేకండి. అక్వేరియం మొక్కల్ని, చేపల్ని కాలువలో వదలకండి. కడియం నర్సరీల నుంచి తెచ్చుకున్న తీగలు కత్తిరించినప్పుడు ఆ ముక్కల్ని కాలువగట్టు మీద పారబోయడం కూడా మానాలి. మన ఊళ్లలో ఇది మామూలు అలవాటైపోయింది, నాకు చాలా కష్టంగా ఉంటుంది.

కొత్త చోట కనిపిస్తే

ఫొటో తీసి, చోటు రాసుకుని అటవీ సిబ్బందికి చూపించండి. మొక్కల, జంతువుల ఫొటోలు చోటుతో సహా నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో పెట్టినా పనికొస్తుంది. అభయారణ్యంలో మీ అంతట మీరు ఏదీ పీకకండి. పొరపాటున మడ మొలకను పీకే ప్రమాదం ఉంది, పైగా చట్టం ఒప్పుకోదు.

ఇంటికొచ్చాక

బండి, షూ ఎప్పుడూ ఒకేచోట కడగండి. వానలు పడ్డాక నెల రోజులు ఆ నేల మీద కన్నేసి ఉంచండి. వయ్యారిభామ మొలిచిన నెలకే పూతకు రావచ్చు. చేతికి గ్లౌజులు వేసుకుని, పూత రాకముందే వేరుతో సహా పీకితే ఎండలో పడేసినా చచ్చిపోతుంది. పూత వచ్చేసిందా, పెంటపోగులో వెయ్యకండి, నల్ల సంచిలో మూతి కట్టి కొన్ని వారాలు ఎండలో ఉంచండి. ఈ తొలకరికి మా గచ్చు పక్కన మళ్లీ మూడు మొలిచాయి. నాలుగాకుల మీద ఉండగానే పీకేశాను, రేపు ఇంకోసారి చూడాలి.