క్యోటోలో నిజో కోటను నడిచి చూడటం ఎలా?

కోట అనగానే ఎత్తైన బురుజు కోసం వెతికేవాళ్లకు ఇక్కడ నిరాశే. నిజో కోట ప్రధాన బురుజు 1750లో పిడుగు పడి కాలిపోయింది, మళ్లీ కట్టలేదు. చూడాల్సింది నినోమారు ప్యాలెస్. షోగున్ అంటే జపాన్‌ను పాలించిన సైనికాధిపతి. ఆయన దగ్గరికి వచ్చినవాడికి తన స్థాయి ఏమిటో గదులే చెప్పేలా కట్టిన భవనం ఇది. కోటను తొకుగావా వంశంలో మొదటి షోగున్ ఇయెయసు 1603లో కట్టించాడు.

మెట్రోలో తొజాయ్ లైన్ ఎక్కి నిజోజో-మాయె స్టేషన్‌లో దిగండి. పేరు చూసి 'నిజో' స్టేషన్‌లో దిగితే కోటకు పడమటి వైపు తేలతారు. ప్రవేశం తూర్పు ద్వారం నుంచి కాబట్టి కందకం చుట్టూ నడవాలి. గేట్లు ఉదయం 8:45కి తెరుస్తారు, సాయంత్రం 4 దాటితే లోపలికి రానివ్వరు. జనవరి, జూలై, ఆగస్టు, డిసెంబరు నెలల్లో మంగళవారాలు నినోమారు సెలవు, కోట మాత్రం తెరిచే ఉంటుంది. టికెట్ కొనేటప్పుడు నినోమారు కూడా కలిసినదే అడగండి, ఉత్త కోట టికెట్‌తో ప్యాలెస్‌లోకి పంపరు.

నినోమారు ప్యాలెస్‌కు ముందున్న కరామోన్ ద్వారం దగ్గర పది నిమిషాలు ఆగండి. కొంగలు, సింహాల చెక్కడాల మధ్య బంగారు చామంతి గుర్తులు కనిపిస్తాయి. అవి చక్రవర్తి కుటుంబానివి. తొకుగావాల మూడాకుల గుర్తు మీద వాటిని తర్వాత అమర్చారు. గైడ్ ఉంటే చెప్పాల్సిన కథంతా ఇక్కడే చెప్పించుకోండి. లోపలి నడవాల్లో గుంపుగా నిలబడి వినే చోటుండదు, ఫొటోలు కూడా నిషేధం.

బూట్లు విప్పి లోపలికి వెళ్లాలి. చలికాలమైతే మందపాటి సాక్సులు తప్పనిసరి, చెక్కనేల ఐసులా ఉంటుంది. దారి ఒకే వైపుకు సాగుతుంది, ఆ వరస కూడా హోదాలను బట్టే. మొదటిది తొజమురాయ్, వచ్చినవాళ్లు వేచి ఉండే చోటు. గోడల నిండా పులులు, చిరుతల బొమ్మలు. గీసిన కానో సంప్రదాయపు చిత్రకారులు బతికున్న పులిని చూసింది లేదు, చిరుత అంటే ఆడపులి అనుకున్నారు! తర్వాత షికిదాయ్‌లో మంత్రులు కానుకలు అందుకునేవాళ్లు. ఓహిరోమాలో షోగున్ కూర్చునే గది నేల మిగతా దానికంటే ఎత్తు, వెనక గోడ మీద పెద్ద పైన్ చెట్ల బొమ్మలు. 1867లో చివరి షోగున్ యొషినొబు అధికారం వదులుకుంటున్నట్టు ప్రకటించింది ఈ ప్యాలెస్‌లోనే. ఇంకా లోపల కురోషోయిన్‌లోకి దగ్గరి సామంతులే రాగలిగేవాళ్లు. చివరి షిరోషోయిన్ షోగున్ సొంత గదులు, అక్కడ బంగారపు హడావుడి తగ్గి సిరా బొమ్మలు మొదలవుతాయి. గదుల్లో ఉన్న బొమ్మలు నకళ్లు. అసలు చిత్రాలు కోటలోనే గ్యాలరీలో వంతులవారీగా పెడతారు.

నడిచేటప్పుడు నేల కిచకిచమంటుంది. హంతకుల రాక పసిగట్టడానికి అలా కట్టారనే మాట బాగా ప్రచారంలో ఉంది కానీ, కోటవాళ్లే కాదంటారు. పలకల కింది ఇనుప బిగింపులు, మేకులు వదులై రాసుకోవడం వల్ల వచ్చే చప్పుడది. గుంపును ముందుకు పోనిచ్చి, నెమ్మదిగా అడుగేస్తే పిట్ట కూతలా స్పష్టంగా వినిపిస్తుంది.

బయటికొచ్చాక నినోమారు తోటలో చెరువు చుట్టూ తిరిగి, లోపలి కందకం దాటి బురుజు రాతి పునాది ఎక్కండి. కోటంతా ఒక్క చూపులో కనిపించేది అక్కడే. పక్కనున్న హోన్‌మారు ప్యాలెస్ 2024లో మళ్లీ తెరిచారు, దానికి టికెట్ వేరు. ముందే బుక్ చేసుకోకపోతే బయటి నుంచి చూసి రావడమే.