వీసా బులెటిన్‌లో మీ వంతు ఎక్కడుందో చూసుకోవడం ఎలా

గ్రీన్ కార్డు లైన్లో ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో చెప్పే అమెరికా వీసా బులెటిన్ నెల మధ్యలో వచ్చిందంటే మా ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే: "ఇండియా ఈబీ-2 ఎంత కదిలింది?" ఈబీ-2 అంటే ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక కేటగిరీ. కదలిక మన చేతిలో లేదు. మన కాగితాలు మాత్రం మన చేతిలో ఉండాలి. నాది 2015 నాటి డేటు. కొత్తగా లైన్లోకి వచ్చినవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇదీ.

ముందు మీ ప్రయారిటీ డేట్, అంటే లైన్లో మీ చోటు చెప్పే తేదీ, తెలుసుకోండి. కంపెనీ మీ కోసం లేబర్ డిపార్ట్‌మెంట్‌లో పర్మ్ (విదేశీ ఉద్యోగిని తీసుకోవడానికి అనుమతి దరఖాస్తు) వేసిన రోజే అది, ఆ తర్వాత మీ కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయిన రోజు కాదు. ఐ-797 అప్రూవల్ నోటీసు మీద ఉంటుంది. ఆ నోటీసు కంపెనీకీ లాయర్‌కీ వెళ్తుంది, మీ ఇంటికి రాదు. అప్రూవ్ అయిందని తెలిసిన వెంటనే హెచ్ఆర్‌ని కాపీ అడగండి, మొహమాటం వద్దు. ఇవ్వం అంటే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కి ఎఫ్ఓఐఏ (మన ఆర్టీఐ లాంటిది) రిక్వెస్ట్ పెట్టి మీ ఫైలు మీరే తెప్పించుకోవచ్చు.

ఆ ఒక్క కాగితం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఉద్యోగం మారినా ఆ డేటు మీదే. కొత్త కంపెనీ పర్మ్, ఐ-140 మళ్లీ చేయాల్సిందే కానీ లైన్లో మీ చోటు పోదు. ఐ-140 అప్రూవయ్యాక పాత కంపెనీ విత్‌డ్రా చేసుకున్నా డేటు నిలుస్తుంది. అప్రూవై 180 రోజులు దాటితే ఆ అప్రూవల్ కూడా నిలుస్తుంది. ఆరేళ్లు నిండాక హెచ్-1బి మూడేళ్ల చొప్పున పొడిగించుకోవడానికీ అదే ఆధారం.

ఇప్పుడు బులెటిన్ తెరిచి ఎంప్లాయ్‌మెంట్ పట్టికలో మీ కేటగిరీ వరుస, ఇండియా కాలమ్ చూడండి. కాలమ్ పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది, పాస్‌పోర్టును బట్టి కాదు. కెనడా సిటిజన్‌షిప్ వచ్చినా, ఇండియాలో పుట్టినవాళ్లది ఇండియా లైనే. కానీ మీ భార్యో భర్తో కువైట్‌లోనో సౌదీలోనో పుట్టి ఉంటే ఆ దేశాలు వచ్చే "ఆల్ చార్జబిలిటీ ఏరియాస్" కాలమ్ వాడుకోవచ్చు. మనవాళ్లలో గల్ఫ్‌లో పుట్టినవాళ్లు తక్కువేం కాదు, ఈ సంగతి లాయర్‌కి మొదటి రోజే చెప్పండి.

గడిలో 15 మార్చి 2014 అని ఉందనుకోండి. మీది 14 మార్చి అయితే వంతు వచ్చినట్టు. సరిగ్గా 15 అయితే రానట్టే. అక్కడున్న తేదీకి ముందుది కావాలి.

పట్టికలు రెండుంటాయి. డేట్స్ ఫర్ ఫైలింగ్ అప్లికేషన్ వేయడానికి, ఫైనల్ యాక్షన్ డేట్స్ కార్డు రావడానికి. ఏ నెల ఏ పట్టిక ప్రకారం ఐ-485 (మీరు వేసే గ్రీన్ కార్డు అప్లికేషన్) తీసుకుంటారో యూఎస్‌సీఐఎస్ తన సైట్‌లో పెడుతుంది. అది చూడకుండా సంతోషపడొద్దు, బాధపడొద్దు. ఐ-485తో పాటే ఈఏడీకి (వర్క్ పర్మిట్), అడ్వాన్స్ పెరోల్‌కి (దేశం దాటి వెళ్లి రావడానికి అనుమతి) కూడా వేసుకోవచ్చు.

వంతు రాకముందే చేసుకోవాల్సిన పని బర్త్ సర్టిఫికెట్. పాతవాటిలో చాలావరకు పేరు ఉండదు, లేదా అసలు రిజిస్టరే కాలేదు. పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, అమ్మానాన్నలతో అఫిడవిట్లు రాయించి పెట్టుకోండి. పెద్దవాళ్లు ఓపికగా ఉన్నప్పుడే రాయించాలి.

ఆలస్యానికి కారణం 1990 నాటి చట్టం. ఏడాదికి ఉద్యోగ కోటా 1,40,000, అందులో భార్యాపిల్లలూ లెక్కే. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. లెక్క అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30తో ముగుస్తుంది కాబట్టి వేసవిలో డేట్లు వెనక్కి వెళ్లడం, కేటగిరీ మూసేయడం మామూలే.

పిల్లలున్నవాళ్లు మాత్రం ఇది రెండుసార్లు చదవండి. మా అమ్మాయి హైస్కూల్లో ఉంది, నా టెన్షనంతా దీని మీదే. 21 నిండితే పిల్లలు మన అప్లికేషన్‌లోంచి జారిపోతారు. 2002 నాటి చట్టం కొంత ఊరటనిస్తుంది: వంతు వచ్చిన రోజు వయసులోంచి ఐ-140 పెండింగ్‌లో ఉన్న కాలం తీసేస్తారు. 21 ఏళ్ల 4 నెలలున్న అబ్బాయికి, ఐ-140 ఏడు నెలలు పెండింగ్‌లో ఉంటే, లెక్కలో 20 ఏళ్ల 9 నెలలే. ఇందుకే అదనపు ఫీజు కట్టి ఐ-140ని త్వరగా తేల్చుకునే ప్రీమియం ప్రాసెసింగ్‌కి తొందరపడేముందు పిల్లల వయసు చూసుకోమంటాను. 2025 ఆగస్టు 15 నుంచి ఈ వయసును ఫైనల్ యాక్షన్ పట్టికతోనే లెక్కగడుతున్నారు. వంతు వచ్చాక ఏడాదిలోపు అప్లై చేయాలి. పిల్లలు పెళ్లి చేసుకుంటే ఈ రక్షణ వర్తించదు.